పాత పికప్‌ను ఇంటివద్దే విద్యుత్ వాహనంగా మార్చవచ్చా? యంత్రం ఏమంటోంది, చట్టం ఏమంటోంది?

ఇంజిన్ అరిగిపోయినా చాసిస్, గేర్‌బాక్సు, ఇరుసులు ఇంకా గట్టిగానే ఉన్న పాత పికప్ వాహనాలు దేశంలోని ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. కూరగాయల గంపలు, సిమెంటు బస్తాలు, పాల క్యాన్లు మోసి యజమాని కుటుంబాన్ని ఏళ్ల తరబడి పోషించిన బండిని తుక్కు కింద అమ్మితే చేతికొచ్చేది స్వల్పం. కొత్త బండి కొనాలంటే అప్పు తప్పదు. ఈ రెండింటి నడుమ మూడో దారిగా కనిపిస్తున్నదే విద్యుత్ మార్పిడి. ఇంజిన్ తీసివేసి, దాని స్థానంలో మోటారు, బ్యాటరీ అమర్చి అదే బండిని నడుపుకోవడమే ఇందులోని ఆలోచన.

విదేశాల్లో ఔత్సాహికులు సొంత ఇంటి షెడ్డులోనే ఈ పని పూర్తి చేసిన దృశ్యాలు అంతర్జాలంలో విరివిగా లభిస్తున్నాయి. అవి చూసినవారికి ఇది మోటారు బిగించే పనిలాగే తోస్తుంది. వాస్తవానికి మోటారు బిగించడం ఇందులో తేలికైన భాగం. బ్యాటరీ బరువు, బ్రేకులు, విద్యుత్ భద్రత, ప్రభుత్వ అనుమతి అనే నాలుగు అంశాలే ఆ బండి రోడ్డెక్కుతుందో లేదో తేలుస్తాయి. భారతదేశంలో వీటిలో చివరిదాన్ని అందరూ చివరకే తలచుకుంటారు. కానీ మొదట చూడవలసింది దానినే.

ఈ ప్రయత్నాలు ఎక్కడ మొదలయ్యాయి?

సొంతంగా విద్యుత్ వాహనాలు తయారుచేసుకునే అలవాటుకు అమెరికాలో సుదీర్ఘ చరిత్ర ఉంది. కాలిఫోర్నియాలో 1967లో ఏర్పడిన ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్ ఇటువంటి ఔత్సాహికులను ఒకచోట చేర్చింది. వారు ఎక్కువగా ఎంచుకున్న వాహనాల్లో షెవ్రోలే ఎస్-10, ఫోర్డ్ రేంజర్ వంటి చిన్న పికప్‌లు ప్రధానమైనవి. అందుకు కారణాలు స్పష్టమే. పికప్ చాసిస్ బరువు మోయడానికే తయారైనది. వెనుక తొట్టి కింద, ముందు బానెట్ లోపల బ్యాటరీలకు కావలసినంత చోటు ఉంటుంది. గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక ఇరుసు ఒకే వరుసలో ఉండటంతో మోటారును అమర్చడం సులువు.

కంపెనీలు సైతం ఇవే నమూనాలతో ప్రయోగాలు చేశాయి. జనరల్ మోటార్స్ 1997లో ఎస్-10కు విద్యుత్ రూపాన్ని విడుదల చేసింది. ఫోర్డ్ 1998 నుంచి 2002 వరకు రేంజర్ విద్యుత్ పికప్‌ను తయారుచేసింది. ఆ కాలపు ఇంటి ప్రయోగాల్లో వాడినవి గోల్ఫ్ కార్ల కోసం చేసిన 6 వోల్టుల లెడ్ ఆసిడ్ బ్యాటరీలు, ఫోర్క్‌లిఫ్టుల నుంచి తీసిన డీసీ మోటార్లు. పని జరిగేది, బండి కదిలేది. కానీ బ్యాటరీల బరువు ముందు దూరం ఓడిపోయేది. తర్వాతి కాలంలో లిథియం బ్యాటరీల ధర తగ్గుతూ రావడంతో ఈ లెక్క మారింది.

ఇంజిన్‌తో పాటు ఇంకేమేమి పోతాయి?

మార్పిడిలో ఇంజిన్, రేడియేటర్, ఇంధన ట్యాంకు, సైలెన్సర్, స్టార్టర్ మోటారు తొలగిస్తారు. గేర్‌బాక్సును చాలామంది ఉంచుతారు. మోటారు షాఫ్టును గేర్‌బాక్సుతో కలపడానికి మందపాటి లోహపు అడాప్టర్ ప్లేటు, ఒక కప్లింగ్ అవసరమవుతాయి. లేత్ యంత్రంపై ఈ ప్లేటును అత్యంత కచ్చితత్వంతో తయారుచేయాలి. మోటారు కేంద్రం, గేర్‌బాక్సు షాఫ్టు కేంద్రం వెంట్రుకవాసి తప్పినా బేరింగులు, సీళ్లు త్వరగా పాడవుతాయి.

ఇంజిన్ బండిని నడపడమే కాక మరికొన్ని పనులు మౌనంగా చేస్తుంటుంది. ఈ విషయాన్ని విస్మరించడమే తొలి ప్రమాదం. బ్రేకు పెడల్‌ను తేలికగా నొక్కగలగడానికి తోడ్పడే బూస్టర్ వాయుపీడన వ్యత్యాసంతో పనిచేస్తుంది. పెట్రోలు బండిలో ఆ శూన్యపీడనం ఇంజిన్ నుంచే వస్తుంది. డీజిల్ బండిలో ఇంజిన్‌తో తిరిగే వాక్యూమ్ పంపు నుంచి వస్తుంది. ఇంజిన్ లేకపోతే బ్రేకు పూర్తిగా పోదు గానీ పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. అందువల్ల విద్యుత్తుతో నడిచే వాక్యూమ్ పంపు, పీడనం తగ్గినప్పుడు డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి.

పవర్ స్టీరింగ్ పరిస్థితీ ఇంతే. దాని పంపును ఇంజిన్ బెల్టే తిప్పుతుంది కాబట్టి దానికీ ప్రత్యామ్నాయం చూడాలి. హెడ్‌లైట్లు, హారన్, వైపర్లు 12 వోల్టుల విద్యుత్తుతో పనిచేస్తాయి. ఇప్పటివరకు ఆ బ్యాటరీని నింపిన ఆల్టర్నేటర్ ఇక ఉండదు. ప్రధాన బ్యాటరీలోని అధిక వోల్టేజిని 12 వోల్టులకు తగ్గించే డీసీ-డీసీ కన్వర్టర్ ఆ బాధ్యత తీసుకోవాలి.

మోటారు శక్తి ఎంత ఉండాలి?

సరకుతో కలిపి రెండు టన్నుల బరువున్న పికప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. సమతల రహదారిపై గంటకు 60 కి.మీ. వేగాన్ని నిలబెట్టుకోవడానికి దానికి కావలసింది సుమారు 8 నుంచి 10 కిలోవాట్లు మాత్రమే. అదే బండి పది శాతం వాలున్న ఎత్తును గంటకు 30 కి.మీ. వేగంతో ఎక్కాలంటే 20 కిలోవాట్ల వరకు అవసరమవుతుంది. ఆగిన చోటు నుంచి చురుగ్గా కదలడానికి కొన్ని క్షణాలపాటు అంతకు రెట్టింపు కావాలి. అందుకే ఎడతెరిపి లేకుండా 20 కిలోవాట్లు, కొద్దిసేపు 40 కిలోవాట్లు ఇవ్వగల మోటారు ఈ తరహా బండికి సరిపోతుంది. ఇంజిన్ శక్తిని చూసి అంతే శక్తి గల మోటారు కొనవలసిన పనిలేదు. మోటారు తిరగడం మొదలైన క్షణం నుంచే పూర్తి తిప్పుబలం ఇస్తుంది.

మోటార్లలో రెండు ప్రధాన రకాలున్నాయి. ఫోర్క్‌లిఫ్టుల్లో వాడే డీసీ సిరీస్ మోటారు చౌక, నియంత్రణ సులభం. కానీ దానికి రెండు దుర్గుణాలున్నాయి. భారం లేకుండా పూర్తి వోల్టేజి ఇస్తే దాని వేగం అదుపు లేకుండా పెరిగి, తిరిగే భాగాలు చిట్లిపోవచ్చు. బల్ల మీద పెట్టి పరీక్షించేటప్పుడు జరిగే ప్రమాదమిది. రెండోది, దాని కంట్రోలర్‌లోని సెమీకండక్టర్లు చెడితే తరచూ విద్యుత్తు ఆగదు, మొత్తం మోటారులోకి ప్రవహిస్తుంది. పెడల్ మీది నుంచి కాలు తీసినా బండి దూసుకుపోతుంది. అందుకే డ్రైవరు చేతికి అందే చోట ప్రధాన సరఫరాను తెంచే స్విచ్ ఉండి తీరాలి. ఇండక్షన్, శాశ్వత అయస్కాంత ఏసీ మోటార్లు ఈ విషయంలో మెరుగు. బ్రేకు వేసినప్పుడు, ఎత్తు దిగుతున్నప్పుడు కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపే సదుపాయమూ వాటికి ఉంటుంది. ధర మాత్రం ఎక్కువ.

అసలు లెక్క బ్యాటరీదే

విద్యుత్ మార్పిడి ఫలిస్తుందా లేదా అన్నది తేల్చే లెక్క ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లతోనే వేయవచ్చు. ఒక కిలోవాట్ అవర్ అంటే ఒక యూనిట్. ఆగుతూ సాగే పట్టణ ప్రయాణంలో, సరకుతో నడిచే పికప్‌కు కిలోమీటరుకు పావు యూనిట్ వినియోగం అనుకోవచ్చు. అంటే ఒక్క ఛార్జింగ్‌తో వంద కిలోమీటర్లు నడవాలంటే 25 యూనిట్లు నిల్వ చేయగల బ్యాటరీ కావాలి. వేగం పెరిగితే ఈ లెక్క తప్పుతుంది. గంటకు 60 కి.మీ. బదులు 80 కి.మీ. వేగంతో నడిపితే గాలి నిరోధం వల్ల కిలోమీటరు ఖర్చు దాదాపు మూడో వంతు పెరుగుతుంది.

వాణిజ్య వాహనాల తయారీదారులు ఎంచుకున్న పరిమాణాలూ ఈ పరిధిలోనే ఉన్నాయి. టాటా మోటార్స్ 2022 మేలో ఆవిష్కరించిన ఏస్ విద్యుత్ వాహనంలో 21.3 యూనిట్ల బ్యాటరీ ఉంది. పరీక్షా ప్రమాణాల ప్రకారం అది ఒక ఛార్జింగ్‌తో 154 కి.మీ. నడుస్తుందని సంస్థ ప్రకటించింది. తేలికైన, విద్యుత్తు కోసమే రూపొందిన బండికి ప్రమాణ పరీక్షలో వచ్చిన దూరమది. పాత, బరువైన పికప్ నుంచి అదే ఆశించలేం.

ఇప్పుడు బరువు సంగతి. అమెరికా ఔత్సాహికులు వాడిన 6 వోల్టుల, 220 ఆంపియర్-అవర్ లెడ్ ఆసిడ్ బ్యాటరీలను 20 కలిపితే కాగితం మీద 26 యూనిట్లు కనిపిస్తాయి. వాటి బరువు సుమారు 560 కిలోలు. మోటారు లాగే భారీ కరెంటు వద్ద అందులో సగమే అక్కరకొస్తుంది. కనుక బండి నడిచేది 50 కి.మీ.కు అటూ ఇటూగానే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఒక్కొక్కటి 3.2 వోల్టులు ఇస్తుంది. 180 ఆంపియర్-అవర్ సెల్స్ 45 వరుసగా కలిపితే 144 వోల్టులు, దాదాపు 26 యూనిట్లు సమకూరుతాయి. సెల్స్ బరువు 250 కిలోల వరకు, పెట్టెలు, బిగింపులతో కలిపి 300 కిలోలు.

ఈ తేడా యజమాని ఆదాయంలో ఎలా ప్రతిఫలిస్తుందో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ చాలు. సరకుతో కలిపి 2,600 కిలోల గరిష్ఠ బరువుకు అనుమతి ఉన్న బండి ఖాళీగా 1,500 కిలోలు తూగుతుందనుకుంటే, 1,100 కిలోల సరకు వేయవచ్చు. ఇంజిన్, దాని అనుబంధాలు తీస్తే 230 కిలోలు తగ్గుతాయి. మోటారు, కంట్రోలర్, ఛార్జర్ కలిసి 90 కిలోలు పెరుగుతాయి. లిథియం బ్యాటరీతో సరకు సామర్థ్యం 940 కిలోలకు తగ్గుతుంది. పెట్టెలతో కలిపి లెడ్ ఆసిడ్ అయితే దాదాపు 620 కిలోలకు పడిపోతుంది. అంటే సగం దూరం నడిచే బండి, సగానికి కాస్త ఎక్కువ సరకే మోస్తుంది. బ్యాటరీ ధర తక్కువన్న కారణంతో లెడ్ ఆసిడ్‌ను ఎంచుకోవడం వాణిజ్య వాహనానికి నష్టదాయకమని ఈ లెక్క చెబుతోంది.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. పనికి ముందూ తర్వాతా వేబ్రిడ్జిపై ముందు ఇరుసు, వెనుక ఇరుసు బరువులను విడివిడిగా తూచి చూడాలి. బ్యాటరీ భారమంతా వెనుక చేరితే ముందు చక్రాల పట్టు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, బ్రేకు వేసే దూరం పెరుగుతుంది. ప్రమాదంలో బండి బోల్తా పడినా బ్యాటరీ పెట్టె చాసిస్ నుంచి ఊడిరాకూడదు.

ఇంటి పనిముట్లు చాలని చోటు

పాత పికప్‌లో ఇంజిన్ చెడితే బండి ఆగుతుంది. అధిక వోల్టేజి అమరిక చెడితే ప్రాణం పోవచ్చు. 60 వోల్టులు దాటిన డీసీ విద్యుత్తును వాహన భద్రతా ప్రమాణాలు ప్రమాదకరమైనదిగానే పరిగణిస్తాయి. బండి తాళం తీసేసినా బ్యాటరీలోని వోల్టేజి ఎక్కడికీ పోదు. రెండు ధ్రువాల మధ్య స్పానర్ జారిపడితే కరిగిన లోహం చిమ్ముతుంది. అందుకే నైపుణ్యం గలవారు ఇన్సులేటెడ్ పనిముట్లు వాడతారు. ఉంగరాలు, గడియారాలు తీసి పక్కన పెడతారు. ఒంటరిగా పనిచేయరు.

కంటికి కనిపించని మరో శత్రువు వదులైన బోల్టు. 144 వోల్టుల వద్ద 40 కిలోవాట్లు తీసుకుంటే దాదాపు 280 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. ఒక్క కీలు వద్ద ఒక మిల్లీ ఓమ్ నిరోధం ఉన్నా అక్కడ 75 వాట్లకు మించి వేడి పుడుతుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒకటి బ్యాటరీ పెట్టెలోనే వెలుగుతున్నట్టు అన్నమాట. 45 సెల్స్ వరుసలో ఇటువంటి కీళ్లు పదుల సంఖ్యలో ఉంటాయి. ప్రతి బోల్టునూ నిర్దేశించిన బలంతో టార్క్ రెంచ్ సాయంతో బిగించి, కొంతకాలం నడిపాక మళ్లీ పరీక్షించాలి.

ఇవికాక తప్పనిసరి రక్షణలు కొన్ని ఉన్నాయి. ప్రతి సెల్ వోల్టేజినీ, ఉష్ణోగ్రతనూ గమనించే బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ వాటిలో మొదటిది. ఒక్క సెల్ పరిమితి దాటినా అది ఛార్జింగ్‌ను లేదా వాడకాన్ని నిలిపివేయాలి. డీసీ విద్యుత్తుకు తగిన ఫ్యూజు, తాళం తిప్పినప్పుడే కలిసే కాంటాక్టర్లు, ఢీకొన్నప్పుడు సరఫరాను తెంచే స్విచ్, చాసిస్‌తో ఎక్కడా తగలని అధిక వోల్టేజి వలయం ఉండాలి. కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారిగా కరెంటు దూకి కాంటాక్టర్ అంటుకుపోకుండా, ముందుగా వాటిని మెల్లగా నింపే ప్రీఛార్జ్ వలయమూ అవసరమే. ఏసీ స్విచ్‌లను, ఇంటి ఎంసీబీలను ఇక్కడ వాడటం ప్రాణాంతకం. డీసీ కరెంటును తెంచినప్పుడు పుట్టే విద్యుత్ జ్వాల వాటిలో ఆరిపోదు.

దేశంలో 2022 వేసవిలో విద్యుత్ స్కూటర్లు వరుసగా అగ్నికి ఆహుతైన దరిమిలా కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ బ్యాటరీ భద్రతా నిబంధనలను కఠినం చేసింది. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు ఏఐఎస్-156, కార్లు, సరకు వాహనాలకు ఏఐఎస్-038 ప్రమాణాల్లో సవరణలు వచ్చాయి. వాటి తొలి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమలులోకి వచ్చాయి. సెల్స్ కొని ఇంట్లో పెట్టెలో అమర్చిన బ్యాటరీ ఈ పరీక్షలేవీ ఎదుర్కొని ఉండదు. వేసవిలో 45 డిగ్రీలు తాకే తెలుగు రాష్ట్రాల ఎండల్లో ఇది మరింత ఆలోచించవలసిన అంశం. ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే ఛార్జింగ్‌కు పెట్టకుండా చల్లారనివ్వడం బ్యాటరీ ఆయువుకూ, భద్రతకూ మేలు.

ఛార్జింగ్‌కు సైతం ఏర్పాటు కావాలి. 16 ఆంపియర్ల సాకెట్‌కు తగిన 3.3 కిలోవాట్ల ఛార్జరుతో 25 యూనిట్ల బ్యాటరీ నిండటానికి ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. అంతసేపు నిరంతరాయంగా భారం మోసే తీగ ప్రత్యేకంగా మీటరు వద్ద నుంచే రావాలి. సరైన ఎర్తింగ్, లీకేజిని గుర్తించి సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఉండాలి. ఇంటికి మంజూరైన లోడు చాలకపోతే డిస్కంకు దరఖాస్తు చేసుకుని పెంచుకోవాలి.

చట్టం ఏమంటోంది?

భారతదేశంలో ఇంటి మార్పిడికి ఎదురయ్యే గట్టి గోడ ఇదే. మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిషేధాన్ని స్పష్టంగా సమర్థించింది. అయితే బ్యాటరీ వంటి మరో శక్తి వనరుతో నడిచేలా ఆమోదిత కిట్ అమర్చడానికి చట్టమే దారి ఉంచింది. పూర్తి విద్యుత్ మార్పిడికి వర్తించే సాంకేతిక ప్రమాణం ఏఐఎస్-123 మూడో భాగం.

ఈ ప్రమాణం ప్రకారం ఆమోదం పొందవలసింది వాహన యజమాని కాదు, కిట్ తయారీదారు. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా (ఏఆర్‌ఏఐ), మానేసర్‌లోని ఇంటర్నేషనల్ సెంటర్ ఫర్ ఆటోమోటివ్ టెక్నాలజీ వంటి అధీకృత పరీక్షా సంస్థలు ఆ కిట్‌ను పరీక్షిస్తాయి. ఆమోదం నిర్దిష్ట వాహన నమూనాలకే పరిమితం. ఒక కారుకు అనుమతి పొందిన కిట్‌ను పికప్‌లో బిగించడం కుదరదు. కిట్‌ను అమర్చవలసిందీ తయారీదారు అధీకృతం చేసిన కేంద్రమే. వాహనం 1990 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ తయారైనదై ఉండాలి. ప్రమాదకర పదార్థాల రవాణాకు అనుమతి ఉన్న వాహనాలకు ఈ మార్పిడి వర్తించదు. పని పూర్తయ్యాక రవాణా కార్యాలయంలో తనిఖీ చేయించి, రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంధన రకాన్ని మార్పించుకోవాలి. ఆపై బండికి ఆకుపచ్చ నంబరు ప్లేటు వస్తుంది. అక్షరాలు సొంత వాహనాలకు తెలుపు, వాణిజ్య వాహనాలకు పసుపు రంగులో ఉంటాయి.

అంటే ఇంట్లో ఎంత చక్కగా పనిచేసినా, ఆమోదిత కిట్ కాకపోతే ఆ బండికి రిజిస్ట్రేషన్ పత్రంలో చోటు దక్కదు. 2019 సవరణ చట్టం చేర్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అంతకంటే పెద్ద ముప్పు బీమాది. పత్రంలో డీజిల్ అని, బండిలో బ్యాటరీ ఉంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం విషయంలో బీమా సంస్థ అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది. ఎదుటివారికి గాయమైతే ఆ భారం యజమాని ఆస్తి మీద పడవచ్చు.

ఇటువంటి జాగ్రత్త భారత్‌కే పరిమితం కాదు. ఫ్రాన్స్ 2020లో పాత వాహనాల విద్యుత్ మార్పిడికి చట్టబద్ధత కల్పించినా, ఆమోదిత కిట్, గుర్తింపు పొందిన వృత్తి నిపుణుడు ఉండాలనే షరతు పెట్టింది. అమెరికాలో వ్యక్తులకు వెసులుబాటు ఎక్కువ. అక్కడ నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

దేశంలో ఈ మార్పిడిపై ఆసక్తి పెరగడానికి దిల్లీ పరిణామాలు ఒక ప్రధాన కారణం. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఆ వాహనాలను ఆమోదిత కిట్లతో విద్యుత్తుకు మార్చుకుంటే నడుపుకోవచ్చని దిల్లీ ప్రభుత్వం 2021లో ప్రకటించింది. తెలుగు రాష్ట్రాలకూ ఇందులో పాత్ర ఉంది. కార్ల మార్పిడి కిట్‌కు ఏఆర్‌ఏఐ ధ్రువీకరణ పొందిన తొలి సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన ఈట్రియో ఒకటి. 2020లో తెలంగాణ ప్రకటించిన విద్యుత్ వాహన విధానం మార్పిడి చేసిన తొలి 5,000 ఆటోలకు ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15,000 రూపాయల ప్రోత్సాహకం ప్రతిపాదించింది. ఆ ప్రోత్సాహకం ఆటోలకు ఉద్దేశించినది, పికప్‌లకు కాదు.

ఖర్చు ఎప్పటికి తిరిగి వస్తుంది?

లీటరు డీజిల్ 95 రూపాయలు, మైలేజి 12 కి.మీ. అనుకుంటే కిలోమీటరుకు దాదాపు 8 రూపాయలు ఖర్చవుతుంది. యూనిట్ 8 రూపాయలు అనుకుని, ఛార్జింగ్‌లో వృథా అయ్యే విద్యుత్తునూ కలిపితే విద్యుత్ బండికి కిలోమీటరు ఖర్చు రెండుంపావు రూపాయల పైచిలుకు. కిలోమీటరుకు మిగిలేది అయిదున్నర రూపాయలకు పైమాటే. ఏడాదికి 300 రోజులు, రోజుకు 60 కి.మీ. తిరిగే బండికి సంవత్సరానికి లక్ష రూపాయలు మిగులుతాయి. కిట్, అమరిక కలిపి 5 లక్షలైతే సుమారు అయిదేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ల ఖర్చు తప్పడం అదనపు లాభం.

అదే బండి రోజుకు 20 కి.మీ. మాత్రమే తిరిగితే ఏటా మిగిలేది 34,000 రూపాయలు. అప్పు మీద వడ్డీ లెక్కించకపోయినా 5 లక్షలు తిరిగి రావడానికి 15 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు పాత చాసిస్ నిలుస్తుందన్న భరోసా లేదు. రోజుకు 150 కి.మీ. తిరిగే బండికి సమస్య వేరు. 25 యూనిట్ల బ్యాటరీ ఆ దూరం లాగదు. పెద్ద బ్యాటరీ పెడితే సరకు బరువు తగ్గుతుంది. కనుక మార్పిడి లాభదాయకమయ్యేది రోజూ 50 నుంచి 80 కి.మీ. మేర, తెలిసిన దారుల్లో తిరిగి, రాత్రి ఒకే చోట ఆగే బండ్లకు. పట్టణాల్లో పాలు, కిరాణా, తాగునీటి క్యాన్లు చేరవేసే వాహనాలు ఈ కోవలోకి వస్తాయి.

మార్పిడితో ఇంజిన్ వయసు సమస్య తీరుతుంది గానీ చాసిస్ వయసు తగ్గదు. తుప్పు, అరిగిన కమాన్ పట్టీలు, బలహీనపడ్డ బ్రేకులు అలాగే ఉంటాయి. వాణిజ్య వాహనానికి ఫిట్‌నెస్ పరీక్ష ఎప్పటిలాగే వర్తిస్తుంది. మరోవైపు, బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అవసరం లేకుండా కేంద్రం 2018లో మినహాయింపునిచ్చింది. వాటి రిజిస్ట్రేషన్ పత్రాల జారీ, పునరుద్ధరణ రుసుములను 2021లో రద్దు చేసింది.

డబ్బు పెట్టేముందు

ఇంజిన్ విప్పకముందే తేల్చుకోవలసిన ప్రశ్నలు ఒక క్రమంలో ఉన్నాయి. తన వాహన నమూనాకు, తయారైన సంవత్సరానికి ఆమోదిత కిట్ ఉందా అన్నది మొదటిది. కిట్ విక్రేత నుంచి ఆమోద పత్రం ప్రతిని తీసుకుని, అందులో తన బండి నమూనా పేరు ఉందో లేదో చూసుకుని, రవాణా కార్యాలయంలో నిర్ధారించుకోవాలి. ‘అనుమతి తర్వాత వస్తుంది’ అనే హామీ మీద బయానా ఇవ్వడం శ్రేయస్కరం కాదు. ఆపై చాసిస్‌కు తుప్పు పట్టిందేమో పరీక్షించి, రెండు ఇరుసుల బరువు తూయించాలి. నెల రోజులపాటు రోజువారీ కిలోమీటర్లు రాసి పెట్టుకుంటే బ్యాటరీ పరిమాణం దానంతటదే తేలుతుంది. బ్యాటరీకి ఎన్నేళ్ల వారంటీ, ఎంత సామర్థ్యం తగ్గితే అది వర్తిస్తుంది, జీవితకాలం ముగిశాక వెనక్కు తీసుకుంటారా అన్నవి రాతపూర్వకంగా అడగాలి. వాడిన బ్యాటరీల సేకరణ, పునర్వినియోగ బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఉత్పత్తిదారులపైనే ఉంచాయి. మార్పిడి జరిగిన వెంటనే బీమా సంస్థకు తెలిపి పాలసీని సవరించుకోవాలి.

ఆమోదిత కిట్ లేని నమూనా అయితే, ఇంటివద్ద చేసే ప్రయోగం నేర్చుకోవడానికి పనికొస్తుందే తప్ప సంపాదనకు పనికిరాదు. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులకు ప్రాంగణం లోపల, నిపుణుల పర్యవేక్షణలో అది చక్కని పాఠం కాగలదు. బండి మీదే బతుకు వెళ్లదీసే యజమానికి మాత్రం అప్పు చేసి తెచ్చిన లక్షలు రోడ్డెక్కలేని బండిలో చిక్కుకుపోతాయి. అటువంటివారు పాత బండిని అధీకృత తుక్కు కేంద్రానికి ఇచ్చి, కొత్త లేదా కొద్దిగా వాడిన విద్యుత్ సరకు వాహనం ధరను మార్పిడి ఖర్చుతో పోల్చి చూసుకోవడం మేలు.